బండి తడబడే ఆ ఒక్క క్షణం



ఈ నెల మేము వ్రాస్తున్న సంగతి కొందరికి చాలా చిన్నదిగా తోచవచ్చును. అయితే ఆ చిన్న సంగతి తెలియకపోవడం వలన పోయిన వేసవిలో ముగ్గురం వెంట్రుకవాసిలో లారీ క్రింద పడకుండా తప్పించుకొన్నాము. గనుక దీనిని వ్రాయక ఉండలేకపోతున్నాము.

మా సంఘంలో ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. వయస్సు అరవై నాలుగు. గేర్ల కారు ఇరవై ఏండ్లకు పైగా నడిపిన మనిషి. హైదరాబాదులో ఉద్యోగం చేసే కుమారుడు క్రొత్త కారు కొనుక్కొని, తాను వాడిన చిన్న ఆటోమేటిక్ కారును తల్లిదండ్రులకు తెచ్చి ఇచ్చాడు. "నాన్నా, మోకాలి నొప్పితో క్లచ్ తొక్కలేకపోతున్నావు గదా! దీనికి క్లచ్ పెడలే లేదు. డి లో వేసి తొక్కడమే" అని చెప్పి, ఇంటి ముందు వీధిలో రెండు సార్లు త్రిప్పి చూపించి, మరునాడు బస్సెక్కి వెళ్ళిపోయాడు.

మాస్టారి భార్యకు చక్కెర వ్యాధి. నెలకొకసారి పట్నంలోని ఆసుపత్రిలో చూపించుకోవాలి. ఆ నెల మాకు కూడ పట్నంలో పని ఉండి వారితో కలిసి బయలుదేరాము. మా ఊరి దారి వెళ్ళి నాలుగు వరుసల జాతీయ రహదారిని కలుస్తుంది. పట్నం వైపు వెళ్ళాలంటే ఇవతలి సగం దాటి, డివైడరు మధ్య ఖాళీలో నుండి కుడికి తిరగాలి. మాస్టారు బండి ఆపి కుడివైపు చూచారు. దూరాన ఒక లారీ వస్తోంది. "చాలా దూరం ఉందిలెండి" అన్నారు. మేమూ అలాగే అనుకొన్నాము.

ఆయన బ్రేకు మీది కాలు తీసి యాక్సిలరేటర్ తొక్కారు. బండి కదలలేదు. ఇంజను చప్పుడు మాత్రం పెరిగింది. కంగారుపడి ఇంకా గట్టిగా తొక్కారు. అప్పుడు బండి ఒక్కసారిగా ముందుకు దూకింది. ఆ దూకుడుకు బెదిరి ఆయన బ్రేకు నొక్కేశారు. రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయాము. లారీ డ్రైవరు హారను మ్రోగిస్తూ బండిని కుడికి కోసి, మా కారు ముక్కుకు బారెడు దూరంలో నుండి వెళ్ళిపోయాడు. వెనుక సీటులో ఉన్న అమ్మగారి చేతిలోని మందుల సంచి క్రింద పడి మాత్రలన్నీ చెల్లాచెదరయ్యాయి. ఎవరికీ గాయం తగలలేదు. కాని ఆ రోజు ఆసుపత్రికి వెళ్ళనే లేదు.

తరువాత ఆ కారు మీద టార్పాలిన్ కప్పారు. "ఇది మన మాట వినే బండి కాదండీ. పొమ్మన్నప్పుడు పోదు, వద్దన్నప్పుడు దూకుతుంది" అన్నారు అమ్మగారు. రెండు ఆటోలు, ఒక బస్సు మారి పట్నం వెళ్ళడం ఆమెకు కష్టమై రెండు నెలలు పరీక్షలు తప్పిపోయాయి. ఈలోగా కాలి వ్రేలికి పుండు పడింది. చక్కెర ఉన్నవారికి కాలి పుండు అంటే ఏమిటో మన ఇండ్లలో తెలియనివారు లేరు. వాకిట్లో బండి ఉండి కూడ ఆ తల్లి ఆసుపత్రికి చేరలేకపోవడం మమ్ములను చాలా బాధించింది.

అందుచేత మేము పట్నంలో మాకు తెలిసిన ఒక మెకానిక్ వద్దకు, కారు నేర్పే ఒక పెద్దమనిషి వద్దకు వెళ్ళి, ఈ తడబాటు ఎందుకు వస్తుందో, దానికి ఏమి చేయాలో అడిగి తెలిసికొన్నాము. తెలిసికొన్నది మీతో పంచుకొంటున్నాము.

మీ ఎడమ కాలు చేసిన పనిని ఇప్పుడెవరు చేస్తున్నారు?

గేర్ల కారును కదిలించేటప్పుడు మనమేమి చేస్తామో ఒకసారి జ్ఞాపకం చేసికోండి. ఫస్ట్ గేరు వేస్తాము. కుడి కాలితో కొంచెం రేసు ఇస్తాము. ఎడమ కాలితో క్లచ్‌ను మెల్లమెల్లగా వదులుతాము. హాఫ్ క్లచ్‌కు రాగానే బండి ముందుకు లాగుతున్నట్లు తెలుస్తుంది. అప్పుడు పూర్తిగా వదులుతాము. ఇదంతా చేయడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది. ఆ ఆలస్యం మన కాలిలోనే ఉంది గనుక మనకు ఆలస్యంగా తోచదు. "నేనే వదులుతున్నాను" అని తెలుస్తుంటుంది.

ఆటోమేటిక్ బండిలోనూ ఇంజనుకు, చక్రాలకు మధ్య ఆ కలిపే పని ఎవరో ఒకరు చేయవలసిందే. మాస్టారి బండి ఏ.ఎం.టి. రకానిది. దానిలోని గేరుబాక్సు మనకు తెలిసిన గేరుబాక్సే. క్లచ్ ప్లేటు కూడ మనకు తెలిసిన పొడి క్లచ్ ప్లేటే. క్లచ్ పెడల్ మాత్రం ఉండదు. దానికి బదులు ఒక చిన్న యంత్రం క్లచ్‌ను నొక్కుతుంది, వదులుతుంది, గేర్లు మారుస్తుంది. దానికి ఆజ్ఞలిచ్చేది ఒక చిన్న కంప్యూటరు.

మీరు యాక్సిలరేటర్ తొక్కగానే జరిగేదేమిటంటే, పెడల్ వద్దనున్న సెన్సారు "ఇంత తొక్కారు" అని ఆ కంప్యూటరుకు కబురు పంపుతుంది. అది ఇంజను వేగాన్ని పెంచి, క్లచ్‌ను మెల్లగా కలుపుతుంది. అప్పుడు చక్రం తిరుగుతుంది. ఇదంతా జరిగేటప్పుడు మీ కాలికి ఏమీ తెలియదు. బండి మాట విననట్లు తోస్తుంది. నిజానికి అది విన్నది, పని చేస్తున్నది. మెకానిక్ మాతో అన్న మాట ఇది: "అయ్యగారండీ, క్లచ్ కలిసేలోపల మీరు ఇంకా గట్టిగా తొక్కితే, కలిసేసరికి ఇంజను గోలగోలగా తిరుగుతూ ఉంటుంది. ఆ బలమంతా ఒక్కసారి చక్రానికి వస్తుంది. దూకక ఏమి చేస్తుంది?"

గనుక తడబాటు ఒక సెకను సంగతి. దూకుడు మాత్రం చాలా వరకు ఆ సెకనులో మనం పడిన కంగారు వలన వచ్చినది. ఈ రెండింటిని వేరుచేసి చూడగలిగితే సగం భయం పోతుంది.

ఆటోమేటిక్ బండ్లన్నీ ఒక రకం కావు

మన దేశంలో చవకగా దొరికే ఏ.ఎం.టి. కార్లు 2014లో మారుతి సెలేరియోతో మొదలై, ఆ తరువాత చాలా కంపెనీల చిన్న కార్లలోకి వచ్చాయి. పల్లెలకు చేరుతున్న సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ బండ్లలో ఈ రకం చాలా ఉంది. అయితే ఇంకా మూడు రకాలున్నాయి. మీ ఇంట ఉన్నది ఏ రకమో బండితో వచ్చిన పుస్తకంలో చూచి తెలిసికోండి.

టార్క్ కన్వర్టర్ అనే పాత రకంలో ఇంజనుకు, గేరుబాక్సుకు మధ్య నూనె ఉంటుంది. ఇంజను త్రిప్పిన నూనె అవతలి చక్రాన్ని త్రిప్పుతుంది. బ్రేకు వదలగానే బండి మెత్తగా ప్రాకుతుంది. బయలుదేరడంలో అన్నిటికంటె నునుపైనది ఇదే.

సి.వి.టి. అనే రకంలో మెట్లు మెట్లుగా గేర్లు ఉండవు. రెండు పుల్లీల మధ్య ఒక బెల్టు ఉంటుంది. గట్టిగా తొక్కితే ముందు చప్పుడు పెరిగి, తరువాత వేగం పెరుగుతుంది. సాగదీసిన రబ్బరు వలె ఉంటుంది దాని నడక.

రెండు క్లచ్‌లు ఉండే డి.సి.టి. అనే రకం గేర్లు చాలా చురుకుగా మారుస్తుంది. కాని దానిలోనూ ఆగిన చోట నుండి కదలాలంటే క్లచ్ కలవవలసిందే. పొడి క్లచ్‌లున్న బండి అయితే, ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరుపుతూ పోయినప్పుడు క్లచ్ వేడెక్కుతుంది. అప్పుడు కుదుపులు ఎక్కువవుతాయి.

ఈ నాలుగింటికీ తోడు ఇంకొక రెండు సంగతులున్నాయి. చిన్న టర్బో ఇంజను గల బండిలో ఇంజను కొంత వేగం అందుకొనే వరకు టర్బో బలం రాదు. ఇక కొన్ని క్రొత్త బండ్లలో, ఆగినప్పుడు ఇంజను దానంతటదే ఆగిపోయి, బ్రేకు మీది కాలు తీయగానే మరల స్టార్టు అయ్యే ఏర్పాటు ఉంది. ఆ స్టార్టు అయ్యే సమయం కూడ మీ తడబాటులో కలుస్తుంది. పెద్ద రోడ్డు దాటవలసి ఉన్నప్పుడు దానిని ఆపివేసే బటన్ ముందే నొక్కుకోవడం మంచిది. గుండ్రని బాణం మధ్య ఏ అక్షరం ఉన్న బటన్ చాలా బండ్లలో దీనిదే.

మైదానంలో నేర్చుకోవలసిన పాఠం

మేము మాస్టారిని వెంటబెట్టుకొని, సెలవు రోజు ఉదయాన హైస్కూలు మైదానానికి వెళ్ళాము. కారు నేర్పే పెద్దమనిషి కూడ వచ్చారు. గంటన్నర సేపు నేర్పినది ఒక్క సంగతే, బండిని కదిలించడం. మీరూ ఇంట్లో వారితో కలిసి ఇలాగే చేయవచ్చును.

మొదట, కుడి కాలు బ్రేకు మీద గట్టిగా ఉంచి, లివరును న్యూట్రల్ నుండి డి లోకి తీయండి. వెంటనే తొక్కవద్దు. మీటరు వద్ద డి గాని, 1 అనే అంకె గాని నిలకడగా వెలిగే వరకు ఆగండి. గేరు పడడానికి యంత్రానికి కొంచెం సమయం కావాలి. చాలా ఏ.ఎం.టి. బండ్లలో బ్రేకు నొక్కకుండా లివరు లాగితే గేరు పడనే పడదు. మనం పడిందనుకొని తొక్కుతాము. చప్పుడే గాని నడక ఉండదు.

రెండవది, బ్రేకు వదలండి. యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు. సమమైన నేల మీద చాలా బండ్లు ఒకటి రెండు సెకన్లలో వాటంతటవే మెల్లగా ప్రాకడం మొదలుపెడతాయి. అలా ప్రాకితే క్లచ్ కలిసిందన్న మాట. మాస్టారి చేత దీనిని ఇరవై సార్లు చేయించారు. ప్రతిసారీ ఆయన "ఒకటి... రెండు" అని పైకి లెక్కపెట్టారు. రెండు అనేలోపల బండి కదిలేది. పదవసారికి ఆయన ముఖంలో భయం పోయింది. "ఇది మొండితనం కాదండీ, దీని అలవాటు ఇంత" అన్నారు.

మూడవది, బండి ప్రాకడం మొదలైన తరువాత యాక్సిలరేటర్‌ను మెల్లగా, ఆపకుండా నొక్కండి. గ్రుడ్డు పెడల్ క్రింద ఉన్నదనుకొని నొక్కమన్నారు ఆ పెద్దమనిషి. తొక్కడం, వదలడం, మరల తొక్కడం చేయవద్దు. కాలు మాటిమాటికి మారితే కంప్యూటరు కూడ మాటిమాటికి మనస్సు మార్చుకొని తడబడుతుంది.

నాల్గవది, ఏ.ఎం.టి. బండిలో ఇంకొక చిన్న ఆగుదల ఉంటుంది. ఫస్ట్ నుండి సెకండ్ గేరుకు మారేటప్పుడు క్లచ్ విడిపోయి, బలం క్షణం సేపు తెగుతుంది. బండి ముందుకు తల ఊపినట్లు అవుతుంది. తెలియనివారు "బండి ఆగిపోతోంది" అని అక్కడ కూడ కంగారుపడతారు. అది గేరు మారడమే. కాలును కొంచెం సడలిస్తే మారడం నునుపుగా ఉంటుంది.

పెద్ద రోడ్డు దాటేటప్పుడు వేసుకొనే లెక్క

ఇది ముఖ్యమైనది. దయచేసి నెమ్మదిగా చదవండి.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు వస్తుంది. 100 కిలోమీటర్ల వేగమైతే దాదాపు 28 మీటర్లు. రెండు వరుసల రోడ్డు వెడల్పు సుమారు 7 మీటర్లు. రోడ్డు అంచు, మన కారు పొడవు కలుపుకొంటే మనం పూర్తిగా అవతలికి చేరడానికి 12, 13 మీటర్లు నడవాలి. ఆగిన చోట నుండి మెత్తగా బయలుదేరే చిన్న కారుకు దీనికి నాలుగైదు సెకన్లు పడుతుంది. దానికి ఈ తడబాటు ఒకటి రెండు సెకన్లు కలపండి. ఆరేడు సెకన్లు అయింది. 80 వేగంతో వచ్చే లారీ ఆ ఏడు సెకన్లలో 150 మీటర్లకు పైగా వచ్చేస్తుంది. 100 వేగంతో వచ్చే కారు 190 మీటర్లకు పైగా వస్తుంది.

ఆ రోజు మాస్టారు చూచిన దూరం గేర్ల కారుకు బహుశా చాలి ఉండేది. ఇరవై ఏండ్ల అనుభవం ఆయన కంటికి నేర్పిన కొలత అది. క్రొత్త బండికి ఆ కొలత చాలదు. మనం బండి మార్చినప్పుడు కంటి కొలత కూడ మార్చుకోవాలి.

కాబట్టి వచ్చే బండికి, మనకు మధ్య కనీసం పది సెకన్ల వ్యవధి ఉంటేనే కదలండి. దానిని నేర్చుకొనే విధానం సులువు. రోడ్డు ప్రక్కన ఆగి, దూరాన ఉన్న ఒక చెట్టునో, బోర్డునో గుర్తుపెట్టుకోండి. బండ్లు దానిని దాటినప్పటి నుండి మీ ముందుకు వచ్చే వరకు లెక్కపెట్టండి. పది కంటె తక్కువ వస్తే ఇంకా దూరపు గుర్తు చూచుకోండి. రోజూ దాటే కూడలి అయితే ఒక్కరోజు ఈ పని చేస్తే చాలు, ఆ గుర్తు మీకు ఎప్పటికీ ఉపయోగపడుతుంది. చీకటిలో దూరం అంచనా వేయడం ఇంకా కష్టం గనుక అప్పుడు ఇంకా ఎక్కువ ఆగండి.

ఇంకొక మాట. కూడలి వద్ద పూర్తిగా ఆగకుండా, ప్రాకుతూ వచ్చి సందు చూచి తొక్కే అలవాటు మనలో చాలామందికి ఉంది. అలా వచ్చినప్పుడు బండి సెకండ్ గేరులో ఉండవచ్చును. మీరు తొక్కగానే అది మరల ఫస్ట్‌కు దిగాలి, క్లచ్ కలవాలి, అప్పుడు లాగాలి. తడబాటు రెట్టింపవుతుంది. గనుక పూర్తిగా ఆగండి. మీ లివరుకు ఎం అనే స్థానం ఉంటే, ఫస్ట్ గేరులోనే ఉంచి దాటి, అవతలికి చేరిన తరువాత డి లోకి మార్చుకోండి. రోడ్డు మధ్యలో గేరు మారే ఆగుదల రాకుండా ఉంటుంది.

డివైడరు మధ్య చోటు మీ బండి పొడవుకు సరిపోతే, ఒక సగం దాటి అక్కడ ఆగి, ఎడమవైపు చూచి రెండవ సగంలోకి వెళ్ళండి. చోటు సరిపోకపోతే రెండు వైపులా ఖాళీ అయ్యే వరకు ఊరి దారిలోనే ఆగండి. వెనుక వాడు హారను కొడతాడు. కొట్టనివ్వండి. హారను వలన ఎవరూ చావలేదు.

కాలువ గట్టు మీద, ఎత్తు మీద

మన ఊళ్ళలో రోడ్లు చాలా చోట్ల గట్టు ఎక్కి పెద్ద రోడ్డును కలుస్తాయి. ఎత్తు మీద ఆగి బ్రేకు వదిలితే, క్లచ్ కలిసేలోపల బండి వెనుకకు జారుతుంది. వెనుక స్కూటరు మీద ఎవరైనా ఉన్నారేమో! ఇటువంటి చోట హ్యాండ్ బ్రేకు వాడాలి. బండి ఆగగానే హ్యాండ్ బ్రేకు లాగండి. కదలాలన్నప్పుడు బ్రేకు మీది కాలు తీసి యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కండి. బండి ముందుకు లాగుతూ ముక్కు కొంచెం లేచినట్లు తెలియగానే హ్యాండ్ బ్రేకు దించండి. గేర్ల కారులో మన పెద్దలు చేసిన పద్ధతే ఇది.

కొన్ని బండ్లలో ఎత్తు మీద బ్రేకును సుమారు రెండు సెకన్లు దానంతటదే పట్టి ఉంచే ఏర్పాటు ఉంటుంది. ఉన్నా కూడ రెండు సెకన్లే గదా! అది విడిచిన తరువాత బండి జారుతుందని మరువవద్దు.

చేయకూడని పనులు

కదలలేదని అదరాబాదరాగా తొక్కవద్దు. ముందర పిల్లలు గాని, మేకలు గాని ఉంటే ఆ దూకుడు ఎంత పని చేస్తుందో ఆలోచించండి. ఇంటి ముందు, చర్చి ఆవరణలో, సంతలో బ్రేకు మీద కాలు ఉంచి, ప్రాకుడుతోనే నడపండి.

ఎడమ కాలు బ్రేకు మీద, కుడి కాలు యాక్సిలరేటర్ మీద పెట్టి రెండూ ఒకేసారి నొక్కవద్దు. క్లచ్ తొక్కిన ఎడమ కాలికి ఒక్కసారిగా అడుగుదాకా నొక్కడమే అలవాటు. అది బ్రేకు మీద పడితే బండి ఉన్నచోటనే నిలిచిపోతుంది. ఎడమ కాలికి ఈ బండిలో పని లేదు. నేల మీద ఊరక ఉంచండి.

ఎత్తు మీద బ్రేకుకు బదులు యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కి బండిని నిలబెట్టవద్దు. ఏ.ఎం.టి.లో దీని వలన క్లచ్ ప్లేటు కాలిపోతుంది.

పెడళ్ళ క్రింద చాప గాని, నీళ్ళ సీసా గాని జారకుండా చూచుకోండి. పెడల్ మధ్యలో అడ్డుపడితే మీరు తొక్కింది సగమే చేరుతుంది, లేదా తొక్కినది తిరిగి పైకి రాదు.

అలవాటా? జబ్బా?

మనిషికి ఆవులింత వేరు, ఆయాసం వేరు. బండికి కూడ అంతే. మొదటి నుండి ఒకే విధంగా ఉన్న సెకను ఆలస్యం దాని అలవాటు. ఆ ఆలస్యం నెల నెలకు పెరుగుతుంటే అది జబ్బు. నేర్పరితనంతో జబ్బును దాచుకోవద్దు, మెకానిక్‌కు చూపించండి.

చూడవలసిన గుర్తులు ఇవి. ఇంజను ఎంత తిరిగినా బండి లాగకపోవడం, కాలిన వాసన రావడం క్లచ్ అరిగిందనడానికి గుర్తులు. కదిలేటప్పుడు ప్రతిసారీ వణుకు రావడం క్లచ్ వలన గాని, ఇంజనును పట్టి ఉంచే రబ్బరు దిమ్మెల వలన గాని కావచ్చును. డి లో వేసిన తరువాత చాలా సేపు కదలకుండా ఉండి, టపీమని గేరు పడడం నూనె రకపు గేరుబాక్సులో నూనె తగ్గిందనో, చెడిందనో చెబుతుంది. సామాన్యంగా ఎర్రగా ఉండే ఆ నూనె నల్లబడి మాడు వాసన వేస్తే మార్చాలి. సి.వి.టి. నూనె వేరు, మామూలు ఆటోమేటిక్ నూనె వేరు. ఒకదానికి బదులు ఒకటి పోస్తే గేరుబాక్సు పాడవుతుంది. మీటరు వద్ద ఇంజను గుర్తు గాని, గేరు గుర్తు గాని వెలిగి ఆరకపోతే ఆలస్యం చేయవద్దు.

కొన్నిసార్లు తప్పు గేరుబాక్సులో ఉండనే ఉండదు. దుమ్ము రోడ్ల మీద తిరిగే బండ్లకు ఎయిర్ ఫిల్టరు త్వరగా మూసికొనిపోతుంది. ఇంజనులోకి గాలి వెళ్ళే ద్వారం వద్ద మసి పడుతుంది. స్పార్క్ ప్లగ్గులు అరుగుతాయి. ఇవి తక్కువ ఖర్చుతో పోయేవి గనుక ముందు ఇవి చూడమని అడగండి.

మెకానిక్ వద్దకు వెళ్ళినప్పుడు "పికప్ లేదు" అని ఒక్క మాట చెప్పి ఊరుకోవద్దు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కిన తరువాతా? సమమైన నేల మీదనా, ఎత్తు మీదనా? ఏసీ వేసినప్పుడే వస్తోందా? చప్పుడు పెరిగి కదలడం లేదా, చప్పుడే పెరగడం లేదా? ఇవి కాగితం మీద వ్రాసికొని వెళ్ళండి. చప్పుడు పెరిగీ కదలకపోతే క్లచ్, గేరుబాక్సుల వైపు చూస్తారు. చప్పుడే పెరగకపోతే ఇంజను వైపు చూస్తారు. ఈ ఒక్క ముక్క మీకు అనవసరపు ఖర్చు తప్పిస్తుంది.

మాస్టారి బండిని కూడ చూపించాము. ఎయిర్ ఫిల్టరు మట్టితో గట్టిపడి ఉంది. అంతకు ముందు హైదరాబాదులో క్లచ్ ప్లేటు మార్పించారట. ప్లేటు మార్చిన తరువాత అది ఎక్కడ కలుస్తుందో కంప్యూటరుకు మరల నేర్పించాలి. దానికి వేరే పరికరం కావాలి. ఆ పని చేయనే లేదు. అది చేయించిన తరువాత ఆలస్యంలో సగం పోయింది. మిగిలిన సగం బండి అలవాటు. దానికి మాస్టారు అలవాటు పడ్డారు.

పట్నంలో ఉన్న కుమారులకు, కుమార్తెలకు

మీరు ప్రేమతో తల్లిదండ్రులకు బండి ఇస్తున్నారు. సంతోషమే. అయితే మన దేశంలో కారు లైసెన్సు గేర్ల బండికి, ఆటోమేటిక్ బండికి ఒక్కటే. ఎవరూ పరీక్ష పెట్టరు, ఎవరూ నేర్పరు. నేర్పవలసినవారు మీరే. తాళం చేతికిచ్చి మరునాడే వెళ్ళిపోవద్దు. రెండు రోజులు ఉండండి. మైదానానికి తీసికొని వెళ్ళండి. వారు రోజూ వెళ్ళే దారిలో, వారు దాటే కూడలిలో ప్రక్కన కూర్చుండి నడిపించండి. మీరు ముప్పై ఏండ్ల వయస్సులో తెలియకుండానే సర్దుకొన్న ఆ సెకనును వారు అరవైలో క్రొత్తగా నేర్చుకోవాలి. "ఇంత సులువు కూడ రాదా నాన్నా" అనే మాట మాత్రం అనవద్దు. ఆ మాటకు సిగ్గుపడి అడగడం మానివేసినవారే ప్రమాదంలో పడతారు.

తండ్రులారా, మీరు కూడ "ఇరవై ఏండ్ల నుండి నడుపుతున్నాను, నాకు చెప్పేదేమిటి" అనవద్దు. మా మాస్టారు ఎందరికో పాఠం చెప్పినవారు. మైదానంలో పిల్లవాని వలె కూర్చుండి ఇరవై సార్లు ఒకే పాఠం చదువుకొన్నారు. ఆయన తగ్గించుకొన్నందువలన ఆ ఇంటికి మేలు కలిగింది.

టార్పాలిన్ తీసివేసిన తరువాతి సోమవారం వారు మరల ఆసుపత్రికి బయలుదేరారు. మేమూ వెళ్ళాము. అదే కూడలి. మాస్టారు పూర్తిగా ఆగారు. ఒక లారీ పోయింది, రెండు కార్లు పోయాయి, ఒక బస్సు పోయింది. వెనుక ట్రాక్టరువాడు హారను కొట్టాడు. మాస్టారు కదలలేదు. దూరాన తాడిచెట్టు వద్ద ఎవరూ లేరని చూచుకొని, బ్రేకు వదిలారు. వెనుక సీటులో నుండి అమ్మగారు పైకి లెక్కపెట్టారు, "ఒకటి... రెండు". బండి మెత్తగా కదిలి, రోడ్డు దాటి, డివైడరు మధ్యకు చేరింది. అక్కడ ఆగి, మరల లెక్కపెట్టుకొని, పట్నం వైపు తిరిగింది. ఆమె కాలి పుండు ఇప్పుడు మానింది. నెల తప్పకుండా పరీక్షలకు వెళ్తున్నారు.

మీ ఇంట అటువంటి బండి ఉంటే, ఈ పత్రిక మడిచిపెట్టి ఈ వారంలోనే ఒక ఉదయం మైదానానికి వెళ్ళండి. మీ రాకపోకలన్నీ క్షేమంగా ఉండును గాక.